బొట్టు పెట్టి పిలిచిన కమిటీ

మా అత్తమ్మకు శాసనసభ నుంచి పిలుపు వచ్చిన పొద్దున ఆమె అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నది. ఖాకీ కోటు మీద ఎర్రపట్టీ, పట్టీ మీద ఇత్తడి బిళ్ళ పెట్టుకున్న చప్రాసి ఒకాయన సైకిలు దిగి గోడకు ఆనించి, ముద్ర కొట్టిన కాగితం చాపి, "దస్తఖతా, వేలిముద్రా?" అని అడిగాడు.

అత్తమ్మ కాగితాన్ని చూసింది. బిళ్ళను చూసింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నది.

"చేతులకు చింతపండున్నది."

"కడుక్కోని రా అమ్మా, నేను ఆగుతా."

"కడుక్కోనీకి నీళ్ళు ఏడున్నయి? గా నీళ్ళ ముచ్చటకే గదా మీకు అర్జీ పెట్టింది!"

లోపలి నుంచి నేను వచ్చి, కొంగు సర్దుకుని, నా పేరు రాసిచ్చి కాగితం తీసుకున్నాను. ఆయన సైకిలెక్కి గల్లీ మలుపు తిరిగేదాకా అత్తమ్మ చేతులు ముందుకు తీయలేదు.

ఆ అర్జీ ఏమిటో ముందు చెప్పాలి. మారేడ్‌పల్లిలో మా గల్లీ చివర ఒక దేవిడీ ఉండేది. జాగీరు వాళ్ళ ఇల్లు. దాని దొడ్లో తియ్యటి నీళ్ళ బావి. మా ఇళ్ళల్లో ఉన్న బావులన్నీ ఉప్పు నీళ్ళవి. గిన్నెలు తోముకోవడానికి సరే గాని, వాటితో పప్పు వండితే ఎంత కట్టె పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. దేవిడీలోని పెద్ద బేగం కాలం నుంచి వెనక దర్వాజా గల్లీ ఆడవాళ్ళ కోసం తెరిచే ఉండేది. అది ఎవరూ అడిగింది కాదు, ఎవరూ రాసిచ్చింది కాదు. తెల్లవారి గిలక చప్పుడు వింటూ లేవడం, ఆ నీళ్ళతో దీపం ముందు కలశం నింపడం, అంతే. పోలీసు చర్య అయింది, జాగీర్లు పోయాయి, దేవిడీ వాళ్ళు ఊరు విడిచి వెళ్ళారు. ఇల్లు సర్కారు చేతికొచ్చింది. ఏదో దఫ్తరు వాళ్ళు పాత కాగితాల మూటలు బండ్ల మీద తెచ్చి, గదుల నిండా నింపి, ముందు దర్వాజాకు ఒక తాళం, వెనక దర్వాజాకు ఒక తాళం వేసి పోయారు. బావి లోపల పడింది, మేం బయట పడ్డాం.

ఇక మంచినీళ్ళంటే మెట్టుగూడ దిక్కు పోయి నల్లా దగ్గర వరుసలో నిలబడాలి. నేను అప్పుడు కడుపుతో ఉన్నాను. అంతకు ముందు ఒకటి నిలవలేదు. ఒకనాడు నల్లా నుంచి వస్తూ నడి తోవలో నా కళ్ళు చీకట్లు కమ్మి, బిందె జారి, పక్కింటి బీబీ నన్ను పట్టుకోకపోతే నేనూ పడేదాన్ని. ఆ సాయంత్రం అత్తమ్మ బిందెను నా చేతిలో నుంచి లాక్కొని, "మల్ల ఇది ముట్టినవంటే నా మీద ఒట్టు" అన్నది. తెల్లారి నుంచి తానే బయలుదేరింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఎవరి అరుగు కనపడితే వాళ్ళ అరుగు మీద కూర్చుంటూ, వాళ్ళతో రెండు మాటలు మాట్లాడి, లేస్తూ, ఇంటికి వచ్చేసరికి ఆమె దగ్గర ఊరంతటి సమాచారం, బిందెలో సగం నీళ్ళు ఉండేవి. నవ్వుతూ చెబుతున్నాను గాని, గడపలో బిందె దించి ఆమె గోడ పట్టుకున్న తీరు చూస్తే నాకు దేవుడి ముందు కూర్చున్నా మనసు నిలిచేది కాదు.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాన్న ఇంట్లోనే తెలుగు నేర్పారు. కాపురానికి వచ్చాక మధ్యాహ్నాలు బీబీ తన వాకిట్లో కూర్చోబెట్టి ఉర్దూ అక్షరాలు దిద్దించింది. అలిఫ్ వంకరగా గీస్తే, "గిది అలిఫ్ గాదు బిడ్డా, మీ అత్త నడక" అని నవ్వేది. ఈ ఇద్దరి పుణ్యాన నాకు రెండు భాషల్లో అర్జీ రాయడం వచ్చింది. దఫ్తరుకు రాసిన వాటికి జవాబు లేదు. కొత్తగా ఏర్పడిన శాసనసభలో ప్రజల అర్జీలు చూసే కమిటీ ఒకటి ఉందని మా వారు ఎక్కడో విని వచ్చి చెప్పారు. గల్లీ ఆడవాళ్ళందరి వేలిముద్రలూ తీసుకున్నాం. అందరికంటే పెద్దది గనుక మొదటిది అత్తమ్మది. మొదటి ముద్ర ఎవరిదో వాళ్ళనే పిలిచారన్నమాట.

సాయంత్రం మా వారు దఫ్తరు నుంచి రాగానే కాగితం చూపించాను. ఆయన సర్కారీ గుమాస్తా. కాగితం చదివి, టోపీ తీయకుండానే పీట మీద కూర్చున్నారు.

"అమ్మా, గిది సమను. బుధవారం పొద్దుగాల కమిటీ ముందట హాజరై గవాహీ చెప్పాలె, అంటే సాక్ష్యం."

"నేను పోను" అన్నది అత్తమ్మ.

"పోననుడు ఉండదమ్మా. గాళ్ళకు అధికారం ఉన్నది. ఎవరినైనా పిలవచ్చు, ఏ కాగితమైనా తెప్పించుకోవచ్చు. రాకపోతే సభను ధిక్కరించినట్టు."

"మినిస్టరును సుత పిలుస్తరా?"

"మినిస్టరు సంగతి వేరే ఉంటది. దఫ్తరోళ్ళను మాత్రం పిలుస్తరు."

"మరి గింత అధికారమున్నోళ్ళకు పిలిచే తీరు తెల్వదా? పేరంటానికి పిలవాలంటే ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలుస్తరు. సైకిలు మీదొచ్చి కాగితం చూపెడ్తరా?"

"అమ్మా, గిది పేరంటం గాదే!"

"ఆడదాన్ని పిలుస్తున్నరా లేదా? నలుగురిల కూసోబెడ్తరా లేదా? మరి పేరంటం గాక ఏంది?"

మా వారు నా వైపు చూశారు. నేను వంటింటి వైపు చూశాను. "నా నౌకరీ పోతది" అని ఆయన గొణిగారు. "నౌకరీ పోతే నీళ్ళు మొయ్యి" అన్నది అత్తమ్మ.

బీబీ గోడ అవతల నుంచి అంతా వింటూనే ఉంది. "వదినె, నువ్వు పోకపోతే అర్జీ పడిపోతది. బుధవారం దాటితే కమిటీ మల్ల ఎన్నడు కూసుంటదో ఎవరికెరుక? నీ కోడలు గిట్లనే ఉంటదా?" అన్నది.

"నువ్వు పో."

"నన్ను పిలిస్తే నేనెందుకు పోను? నన్ను పిలవలే! నా వేలిముద్ర నీ కింద ఉన్నది."

"గందుకే నీకు గింత ధైర్యం!"

అప్పుడందరం నవ్వాం. కాని ఆ రాత్రి వంటిల్లు సర్దుతుంటే నాకు ఒక సంగతి గుర్తుకొచ్చింది. పోలీసు చర్యకు ముందు, గడబిడ రోజుల్లో, అత్తమ్మ తమ్ముడికి ఇలాగే ముద్ర కొట్టిన కాగితం ఒకటి వచ్చింది. ఊరికే గవాహీ చెప్పి పోదువు రమ్మన్నారు. ఆయన భోజనం మధ్యలో లేచి వెళ్ళాడు. చాలా రోజులకు గాని ఇల్లు చేరలేదు, ఎక్కడ ఉంచారో ఎన్నడూ చెప్పలేదు. బొట్టు పెట్టి పిలిచినవాళ్ళు సాయంత్రానికి తాంబూలమిచ్చి ఇంటికి పంపుతారు. కాగితమిచ్చి పిలిచినవాళ్ళు పంపుతారని ఏం భరోసా? అత్తమ్మ ఆ మాట నోట అనలేదు. దేవుడి గూట్లో దీపం కొండెక్కే ముందు, "తల్లీ, ఆమెకు భయం తీసెయ్యి, నీళ్ళ సంగతి తర్వాత చూద్దాం" అని మొక్కుకున్నాను. మొక్కాక అనిపించింది, నీళ్ళ సంగతి కూడా ఇప్పుడే చూడమంటే బాగుండేదని.

చప్రాసి మళ్ళీ వచ్చాడు. వస్తున్నారో లేదో కనుక్కుని రమ్మన్నారట. అత్తమ్మ ఈసారి చేతులు దాచలేదు. "మీ పెద్దసారుకు చెప్పు. నన్ను పిలవాలంటే ముత్తైదువను పంపి, బొట్టు పెట్టించి పిలవమను. వస్త."

"అమ్మా, నేను గిట్లనే చెప్పాల్నా?"

"ఒక్క మాట సుత తీసెయ్యకు."

"నిజాం జమానా నుంచి కాగితాలు పంచుతున్న. పెద్ద పెద్దోళ్ళ ఇండ్లకు పోయిన. తిట్టినోళ్ళున్నరు, దాక్కున్నోళ్ళున్నరు. బొట్టు అడిగినోళ్ళు లేరు" అని తల గోక్కుంటూ పోయాడు.

కమిటీ గదిలో ఆ మాట చెప్పినప్పుడు ఏం జరిగిందో తర్వాత మాకు తెలిసింది. కమిటీలో ఉన్న ఒక్కగానొక్క ఆడమనిషి, ఆ అమ్మగారే చెప్పింది. చప్రాసి ఒక్క మాట తీసేయకుండా, చేతులు కట్టుకుని చెప్పాడట. కమిటీ పెద్ద, తెల్లమీసాల వకీలు సాబు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడట. ఒక సభ్యుడు నిబంధనల పుస్తకం తిరగేసి, "మనుషులను పిలిపించుకునే అధికారం ఉన్నదని రాసుంది. ఎట్ల పిలవాలెనో రాయలేదు" అన్నాడట. ఇంకొకాయన, "బలవంతంగ పట్టుకొస్తే ఆ ముసలామె మన ముందర కూసోని ఏం చెప్తది? ఏం చెప్పదు" అన్నాడట. అప్పుడీ అమ్మగారు లేచి, "నా సంచిలో కుంకుమ భరిణె ఎప్పుడూ ఉంటది. నేను పోతా" అన్నదట.

మంగళవారం పొద్దు వాలుతుండగా జట్కా ఒకటి మా గల్లీలో ఆగింది. నేత చీర కట్టుకున్న నడివయసు ఆవిడ దిగి, మా గడప ముందు చెప్పులు విడిచి, "అక్కా, ఇంట్ల ఉన్నరా?" అని పిలిచింది. అత్తమ్మ బయటికి వచ్చింది. ఆ అమ్మగారు భరిణె తీసి, అత్తమ్మ నుదుట బొట్టు పెట్టి, "రేపు పొద్దుగాల శాసనసభల మీ గవాహీ ఉన్నది. మీరు తప్పకుండ రావాలె. ఇంటిల్లిపాదీ రావాలె" అన్నది.

మామయ్యగారు అప్పుడు బతికే ఉన్నారు, అల్వాల్‌లో బిడ్డ ఇంట్లో. లేకపోతే ఆ బొట్టు సంగతి వేరుగా ఉండేది. దేవుడు కొన్ని దయలు ఎంత చప్పుడు లేకుండా చేస్తాడో.

అత్తమ్మ మొహం చూడాలి! నేను పెళ్ళయి వచ్చాక ఆమెను అంత ముచ్చటగా చూడలేదు. "లోపలికి రా బిడ్డా, మజ్జిగ తాగి పో. నీళ్ళు కొంచెం తక్కువనే పోసినం, తక్లీఫ్ అనుకోకు" అన్నది. ఆ అమ్మగారు నా నుదుట కూడా బొట్టు పెట్టి, నా కడుపు వైపు ఒకసారి చూసి, మజ్జిగ తాగింది.

ఇంతలో గోడ అవతల నుంచి గొంతు వినపడింది. "మా ఇండ్లల్ల పెండ్లి పిలుపంటే యాలకులు చేతిల పెడ్తరు. ఊరికే చెప్తున్న."

ఆ అమ్మగారు వంటింట్లోకి వచ్చి, నన్ను నాలుగు యాలకులు అడిగి, గోడ మీద నుంచి బీబీ చేతిలో పెట్టింది. అలా మా యాలకులతోనే మా బీబీని శాసనసభ పిలిచింది.

ఆ అమ్మగారు తెలియక అన్న మాట ఒకటుంది. ఇంటిల్లిపాదీ రావాలె అంటే మా దిక్కు ఆడవాళ్ళు అట్లాగే తీసుకుంటారు. బుధవారం పొద్దున అత్తమ్మ పట్టుచీర కట్టి, వంకీలు కనపడేలా జాకెట్టు చేతులు సర్దుకుని బయటికి వచ్చేసరికి, అర్జీలో వేలిముద్ర వేసిన ఆడవాళ్ళందరూ తలంట్లు పోసుకుని, పూలు పెట్టుకుని గల్లీ మొదట్లో తయారు. బీబీ బుర్ఖా మీద అత్తరు చల్లుకున్నది. బస్సు కండక్టరు మా వరుస చూసి, "పెండ్లి ఏడమ్మా?" అని అడిగాడు. "శాసనసభల" అన్నది అత్తమ్మ. ఆయన టిక్కెట్లు కొట్టడం ఆపి ఒకసారి చూసి, మళ్ళీ కొట్టాడు.

ట్యాంక్‌బండ్ దాటుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకున్నది. చెయ్యి చల్లగా ఉంది. "పొయ్యి మీద ఏమన్న పెట్టి వచ్చినమా?" అని అడిగింది. లేదన్నాను. "మంచిది. తిరిగొచ్చేసరికి ఎంతసేపైతదో" అన్నది.

కమిటీ గది బయట వరండాలో పొడుగాటి బల్ల ఉంది. ఆ బల్ల చివర ఒకాయన ఒక్కడే కూర్చుని, మెడకు బిగించిన గుండీ విప్పుకుంటూ, పెట్టుకుంటూ ఉన్నాడు. పక్కన సంచి, సంచిలో ఫైళ్ళు, ఫైళ్ళ మీద టిఫిన్ డబ్బా. అత్తమ్మ ఆయన పక్కనే కూర్చున్నది.

"ఏం బిడ్డా, నిన్ను సుత పిలిచిండ్రా?"

"అవునమ్మా."

"బొట్టు పెట్టిండ్రా?"

ఆయన బిత్తరపోయాడు. "కాగితం వచ్చిందమ్మా."

"అయ్యో" అన్నది అత్తమ్మ. నిజంగానే జాలిపడి అన్నది. "పొద్దుగాల తిన్నవా? మొఖం వాడిపోయింది."

డబ్బా తెచ్చుకున్నాడట గాని, లోపల ఏమడుగుతారో అని తినబుద్ధి కాలేదట. ఆమె తన మూటలోని సకినాలు తీసి చేతిలో పెట్టింది. ఒకటి కొరికాడు, రెండోది అడిగాడు. మూడోది నములుతూ చెప్పాడు, తాను దేవిడీలో ఉన్న పాత కాగితాల దఫ్తరుకు అధికారినని.

ఆ తాళంచెవి మనిషి ఈయనే! మా అర్జీల్లో మేం ఎన్ని పేర్లు పెట్టామో, నల్లా దగ్గర ఎన్ని తిట్లు తిట్టామో ఆయన! బీబీ బుర్ఖా లోపల నుంచి, "సకినం వాపసు తీసుకో వదినె" అన్నది.

"ఉండు" అన్నది అత్తమ్మ. "ఎందుకు బిడ్డా, గట్ల తాళమేసినవు?"

"అమ్మా, నేనేం చేద్దును? లోపల సర్కారు కాగితాలున్నయి. ఒకటి పోయినా నా మెడకు. దర్వాజా తీయాల్నా అని పైకి రాసిన. జవాబు లేదు. మల్ల రాసిన. మల్ల లేదు. తీయమని వాళ్ళనరు, తీయొద్దని అనరు. మా ఇంట్ల సుత ఉప్పునీళ్ళేనమ్మా. మా ఆమె దినాం తిడ్తది, బావి తాళం నీ దగ్గరుంచుకోని నాకు నల్లా కాడికి పొమ్మంటవా అని."

"మరి గిదే లోపల చెప్పు."

"ఇన్నాళ్ళు నన్నెవరు అడిగిండ్రమ్మా?"

ఇంతలో లోపలికి రమ్మన్నారు. పిలిచింది అత్తమ్మనే. గల్లీ మొత్తం లేచింది. గుమ్మంలో చప్రాసి అడ్డుపడబోయాడు గాని, ఆ అమ్మగారు లోపల నుంచి, "నేనే పిలిచిన, రానియ్యి" అన్నది. వకీలు సాబు మళ్ళీ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

నిజం చెప్పాలంటే మా అత్తమ్మ గవాహీ అంత గొప్పగా ఏమీ సాగలేదు. ఆ బావి నీళ్ళు ఎప్పటి నుంచి వాడుతున్నారని అడిగితే, తాను కాపురానికి వచ్చిన కొత్తల్లో బేగం చీర ఏ రంగుదో చెప్పింది. ఆ బేగం మామిడికాయ ఊరగాయను ఎట్లా మెచ్చుకునేదో చెప్పింది. దర్వాజా తెరిచి ఉంచుకునేందుకు ఏమైనా కాగితం ఉందా అని ఒక సభ్యుడు అడిగితే, "ఉంటే నాకు చదవరాదు గదా అయ్యా" అన్నది. బావిలో ఎవరెవరి బిందెలు ఎప్పుడెప్పుడు పడ్డాయో మొదలుపెట్టి, "నా పెండ్లి నాటి వెండి గిన్నె సుత అండ్లనే ఉన్నది. దర్వాజా తీసినంక జెర తీయించి ఇయ్యుండ్రి" అన్నది.

మా వెంటే లోపలికి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్న ఆ అధికారి దిగ్గున లేచాడు. "సార్, వెండి గిన్నె సంగతి నాకు తెల్వదు సార్! నాకప్పగించిన సామాన్లల్ల గిన్నె లేదు సార్!"

గదంతా నవ్వు. గవాహీ రాసుకునే కుర్రగుమాస్తా కలం కింద పెట్టి మరీ నవ్వాడు. వకీలు సాబు చెయ్యి ఎత్తి, "అయితే మీరే చెప్పండి. దర్వాజా ఎందుకు తీయరు?" అని ఆయన్నే అడిగాడు.

ఆయన అత్తమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. బల్ల మీద సకినాలు నములుతూ ఏది చెప్పాడో అదే, ఇంకొంచెం సర్కారీ భాషలో, చెప్పాడు. పైకి రాసిన కాగితాల నకళ్ళు తీసి ముందు పెట్టాడు.

వకీలు సాబు వాటిని చదివి, పక్కవాళ్ళతో గుసగుసలాడి, చాలా మెల్లగా అన్నాడు: "ఈయనకు జవాబు రాయనివాళ్ళు ఎవరో వాళ్ళనే పిలుద్దాం. వచ్చే బుధవారం. వాళ్ళ దగ్గరున్న కాగితాలన్నీ తీసుకొని రమ్మందాం."

"బొట్టు?" అన్నది బీబీ.

"వాళ్ళకు కాగితం చాలమ్మా" అన్నాడాయన.

పని అయింది, మీరు వెళ్ళవచ్చు అన్నారు. అత్తమ్మ కుర్చీలో నుంచి లేవలేదు. గుమాస్తా వచ్చి, దారి ఖర్చు ఇస్తారు, బయట సంతకం పెట్టండి అన్నాడు. అయినా లేవలేదు. ఏదైనా చెప్పాల్సింది మిగిలిందా అని వకీలు సాబు అడిగితే, లేదని తల అడ్డంగా ఊపింది. తాంబూలం అందలేదని నాకు అర్థమైంది. ఆ అమ్మగారి వైపు చూసి, అరచేతిని ఆకులా చాపి చూపించాను. ఆవిడ నాలుక కరుచుకున్నది.

చప్రాసి బయటికి పరుగెత్తాడు. శాసనసభ దగ్గర తమలపాకులూ వక్కలూ ఎక్కడ దొరుకుతాయి? పాన్ డబ్బా వాడి దగ్గర నుంచి, కాచూ సున్నమూ పూసి, లవంగం గుచ్చిన మీఠా పాన్లే దొరికినన్ని పట్టుకొచ్చాడు. ఆ అమ్మగారు ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి, ఒక్కో పాన్ చేతిలో పెట్టి, "వచ్చినందుకు సంతోషం. మంచిగ ఇంటికి పోయి రాండ్రి" అన్నది. అత్తమ్మ ఆ పాన్‌ను కళ్ళకద్దుకుని కొంగున ముడి వేసుకుని లేచింది. లేచేటప్పుడు మోకాళ్ళ మీద చెయ్యి వేసుకోలేదు.

బస్సులో ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. బస్సు ఎక్కడికి పోయినా తనకు ఒకటే అన్నట్టు కిటికీలో నుంచి దర్జాగా చూస్తూ కూర్చున్నది. "పంపిచ్చిండ్రు" అన్నది, నాకొక్కదానికే వినపడేలా. "మా తమ్మునికి చెప్పాలె."

ఇక మిగిలింది దర్వాజా. కమిటీకి పిలిచే అధికారం ఉంది, అడిగే అధికారం ఉంది, తాళం తీసే అధికారం లేదని మా వారు ముందే చెప్పి ఉన్నారు. సిఫారసు రాస్తారట, అది సభకు పోతుందట, అక్కడి నుంచి సర్కారుకు పోతుందట. అప్పటికి నా కాన్పే కాదు, పుట్టినవాళ్ళ అన్నప్రాశన కూడా అయిపోతుందని లెక్క వేసుకున్నాను. కాని పైవాళ్ళకు పంపిన కాగితం ఏం చేసిందో ఏమో, ఆ బుధవారం రాకముందే, జవాబు రాయడానికి ఇన్నాళ్ళూ లేవని చెయ్యి కాస్తా లేచింది. కాగితాల గదులకూ బావికీ మధ్య తడక కట్టించి వెనక దర్వాజా గల్లీవాళ్ళకు విడిచిపెట్టమని హుకుం వచ్చేసింది. కమిటీ ముందుకు రావడం కంటే జవాబు రాయడమే వాళ్ళకు సులువనిపించినట్టుంది. మా అత్తమ్మను రప్పించడానికి ఒక కుంకుమ భరిణె కావలసివచ్చింది. వాళ్ళు రాకుండా ఉండటానికి మాత్రం ఆ సమను బ్రహ్మాండంగా పనికొచ్చింది.

దర్వాజా తీసిన రోజు ఆ అధికారి తానే తాళంచెవి పట్టుకొచ్చాడు. తుప్పుకు తిరగలేదు. బీబీ ఇంటి నుంచి కొబ్బరినూనె తెచ్చి పోసింది. బావి పూడిక తీయిస్తే ఎవరెవరివో చెంబులు, గరిటెలు, సొట్టపడ్డ బిందెలు బయటపడ్డాయి. వెండి గిన్నె మాత్రం ఇప్పటికీ దొరకలేదు. గిలకకు కొత్త చాంతాడు వేసి, మొదటి బిందె అత్తమ్మ తోడింది. పసుపు కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు నా దోసిట్లో పోసింది. అంత తియ్యటి నీళ్ళు మళ్ళీ తాగలేదు. దాహం వల్ల కాదు, భయం పోయినందువల్ల అనుకుంటాను.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నామంటే అందులో డాక్టరమ్మ చెయ్యి ఎంతో, ఆ బావిదీ అంతే. తొట్టెలకు, ఉయ్యాల పేరంటానికి, పిలవడానికి అత్తమ్మ స్వయంగా భరిణె పట్టుకుని బయలుదేరింది. కమిటీ అమ్మగారి ఇంటికి పోయింది. తాళంచెవి ఆయన ఇంటికి పోయి వాళ్ళ ఆమెకు బొట్టు పెట్టింది. బీబీకి యాలకులు. ఈసారి మా ఇంటివే అయినా సరైన చేతుల మీదుగా.

ఆ రోజు పాటల మధ్యలో బయట దర్వాజా దగ్గర ఎవరో నిలబడినట్టు అనిపించింది. చూస్తే ఆ అధికారి. భార్యను దించడానికి వచ్చి, ఆడవాళ్ళ సందడి చూసి లోపలికి రాలేక, వెనక్కి పోలేక, మెడ గుండీ విప్పుకుంటూ పెట్టుకుంటూ ఉన్నాడు. అత్తమ్మ తొట్టెల తాడు వదలకుండానే వాకిట్లోకి తొంగిచూసింది.

"ఏం బిడ్డా, గాడనే నిలబడ్డవు? నీకు సమను పంపాల్నా?"